వీధిలో జ్వరాలు ఎలా లెక్కపెట్టాలి, షుగర్ క్యాంపు రీడింగును ఎంతవరకు నమ్మాలి

"మా వీధిలో ఇంటికొకరికి డెంగీ అంట" అని ఎవరైనా అంటే మీరు వెంటనే అడగాల్సిన మాట ఒక్కటే: ఎంతమందిలో? నేను తిరుపతిలో నర్సింగ్ చదివే పిల్లలకు కమ్యూనిటీ హెల్త్ చెప్తాను. ప్రతి బ్యాచీకి మొదటి రోజు బోర్డు మీద ఒక అడ్డగీత గీసి పైన లవం, కింద హారం అని రాస్తాను, చిన్న బళ్ళో నేర్చుకున్న భిన్నాలే, కొత్తదేమీ కాదు. జబ్బుల విషయంలో పైన అంకె అందరూ చెప్తారు, కింద అంకె అడిగితే మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఆ హారాన్ని వెతికి పట్టుకోవడమే ఎపిడెమియాలజీలో, అంటే జనంలో జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో చూసే చదువులో, సగం పని. పైన రాసినవాళ్ళకు నిజంగా ఆ జబ్బుందా లేదా అని తేల్చుకోవడం మిగతా సగం.

ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పరీక్షకు చదువుకునే పిల్లలు, ఊళ్ళో హెల్త్ క్యాంపు పెడదామనుకునే కుర్రవాళ్ళు, ఎవరైనా సరే ఒక నోటుబుక్కు, పెన్ను, డబ్బాడు చింతగింజలు, కొంచెం సున్నం దగ్గర పెట్టుకోండి. గింజలతో పని తర్వాత ఉంది.

మొదట, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో రాసుకోండి

చాలామంది వదిలేసేది ఇదే. "జ్వరం" అని ఒక్క మాట రాసుకుని ఇంటింటికీ తిరిగితే, ఎండన పడి వచ్చి ఒళ్ళు వెచ్చబడిన అబ్బాయీ, నాలుగు రోజులుగా మంచం దిగని పెద్దాయనా ఒకే గడిలో పడతారు. రేపు ఇంకో అమ్మాయి అదే వీధికి వెళ్తే ఇంకో అంకె పట్టుకొస్తుంది, ఇద్దరిలో ఎవరు తప్పంటే ఏం చెప్తాం? అందుకే ఇల్లు కదలక ముందే ఇలా రాసుకోండి: "ఆగస్టు 1 తర్వాత, ఈ మూడు వీధుల్లో కాపురం ఉండేవాళ్ళలో, రెండు రోజులకు పైగా జ్వరం ఉండి, దాంతోపాటు తలనొప్పి, కళ్ళ వెనక నొప్పి, కీళ్ళనొప్పులు, దద్దుర్లలో కనీసం రెండు ఉన్నవాళ్ళు." ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏ లక్షణాలు, ఈ నాలుగూ అందులో ఉండాలి. పక్కనే రెండు గడులు గీయండి, ఒకటి అనుమానం, ఇంకొకటి ల్యాబులో తేలినవి. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపొద్దు. జ్వరం ఎన్నో రోజున రక్తం తీశారో కూడా అడిగి రాయండి, ఎందుకంటే డెంగీ ఎన్ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో బాగా పట్టిస్తుంది, ఐజీఎం పరీక్ష ఆ తర్వాత. రెండో రోజున ఐజీఎం చేయించి "నెగటివ్ వచ్చింది, డెంగీ కాదు" అని ధైర్యంగా ఇంటికెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

తర్వాత హారం పట్టుకోండి

మన తిరుపతిలో అసలు కష్టం ఇక్కడే. ఫలానా పెద్దాసుపత్రిలో ఈ నెల ఇన్ని డెంగీ కేసులు అని పేపర్లో చదవగానే ఊరంతా మంచం పట్టిందని టెన్షన్ పడిపోతాం. రుయాకైనా స్విమ్స్‌కైనా మన ఊరివాళ్ళే వస్తారా? కడప నుంచి, నెల్లూరు నుంచి, అనంతపురం నుంచి వస్తారు. పైగా కొండకు వచ్చే జనం, చాలా రోజుల్లో 60 వేలు దాటుతారు, వాళ్ళలో ఎవరికో జ్వరం తగిలితే ఇక్కడే చూపించుకుంటారు. దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు గానీ డెంగీ జ్వరం బయటపడదు, నిన్న అలిపిరిలో దిగిన మనిషికి ఇవాళ జ్వరమొస్తే ఆ దోమ వాళ్ళ ఊరిదే. కాబట్టి నియమం ఒక్కటి పెట్టుకోండి: పైన ఎవరిని రాస్తారో కింద కూడా వాళ్ళే ఉండాలి. పైన మూడు వీధుల కాపురస్తులైతే కింద ఆ మూడు వీధుల కాపురస్తులే. లాడ్జీల్లో దిగినవాళ్ళను విడిగా రాసుకోండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, ఆసుపత్రికి రానివాళ్ళు. దగ్గు మూడు వారాలున్నా పని మానుకోలేక రానివాళ్ళు ఏ ఓపీ పుస్తకంలోనూ కనపడరు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం పేరు వినే ఉంటారు. 1950 నుంచి 1955 దాకా అక్కడి డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ బృందం ఆసుపత్రికి వచ్చినవాళ్ళతో సరిపెట్టుకోకుండా చుట్టుపక్కల పల్లెల జనాన్నే లెక్కలోకి తీసుకుని క్షయ సర్వే చేసింది. రోడ్లూ బస్సులూ సరిగా లేని రోజుల్లో ఎక్స్‌రే సామాన్లు పల్లెలకు మోసుకెళ్ళి చేసిన పని అది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మట్టి మీద జరిగిన పని కాబట్టి పిల్లలకు చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

కొత్తవీ పాతవీ విడదీయండి

2021 నవంబరు వానలు గుర్తున్నాయా? రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. అప్పుడు అందరూ రెండు సంగతులు అడిగారు, చెరువులో ఇప్పుడు నీళ్ళెంత, పైనుంచి గంటగంటకూ వచ్చేది ఎంత. జబ్బుకూ ఇవే రెండు కొలతలు. ఇవాళ్టికి చెరువులో నిలవున్న నీళ్ళు ప్రివలెన్స్, అంటే పాతా కొత్తా కలిపి ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్ళు. వంకల్లోంచి కొత్తగా వచ్చి చేరే నీళ్ళు ఇన్సిడెన్స్, అంటే ఫలానా కాలంలో కొత్తగా జబ్బు పడ్డవాళ్ళు. నయం కావడం, చనిపోవడం, ఈ రెండూ తూములు.

ఇది పట్టుకుంటే చాలా తికమకలు పోతాయి. ఏటా వెయ్యి మందిలో 10 మందికి కొత్తగా షుగర్ వచ్చి, వచ్చినవాళ్ళు సగటున 20 ఏళ్ళు బతుకుతారనుకోండి, చెరువు ఒక నిలకడకు వచ్చేసరికి వెయ్యికి సుమారు 200 మంది షుగరుతో ఉంటారు. మంచి మందులొచ్చి వాళ్ళు 25 ఏళ్ళు బతికితే సుమారు 250 అవుతారు. అంకె పెరిగింది, కానీ అది వైద్యం చేసిన మంచి. హెచ్ఐవీ మందులు వచ్చాక జరిగిందీ ఇదే, జబ్బుతో బతికేవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి నిలవ పెరుగుతుంది. కాబట్టి "షుగర్ వాళ్ళు పెరిగిపోయారు" అని విన్నప్పుడు వంక పొంగిందా, తూము మూసుకుందా అని అడగండి. నివారణ పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఇన్సిడెన్స్ చూడాలి, ఎన్ని మందుబిళ్ళలు తెప్పించాలో తెలియాలంటే ప్రివలెన్స్ చూడాలి.

తేదీలు ఒక గ్రాఫు మీద, ఇళ్ళు ఒక మ్యాపు మీద

ఎవరికి ఏ తేదీన లక్షణాలు మొదలయ్యాయో అడ్డంగా తేదీలు వేసి ఒక్కొక్కరికి ఒక గడి చొప్పున పేర్చండి. ఒకే రోజు నిట్టనిలువుగా లేచి పడిపోతే అందరూ ఒకేసారి ఒకే తిండో నీళ్ళో తీసుకున్నారని అర్థం. వారాల తరబడి మెల్లగా ఎక్కుతుంటే దోమలో, మనిషి నుంచి మనిషికో. అదే చేత్తో వీధి పటం గీసి జబ్బుపడిన ఇంటికి చుక్క పెట్టండి, బోరు, ట్యాంకు, మురికికాలువ ఎక్కడున్నాయో గుర్తించండి. 1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా వచ్చి పది రోజుల్లో 500 మందికి పైగా పోయినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసింది ఇదే పని. నాకు ఎక్కువ నచ్చేది చుక్కల మ్యాపు కాదు, చుక్క పడాల్సిన చోట ఎందుకు పడలేదని ఆయన ఆరా తీయడం. పంపు పక్కనే ఉన్న బీరు కంపెనీ పనివాళ్ళకు కలరా రాలేదు, అడిగితే వాళ్ళు ఆ పంపు నీళ్ళే తాగట్లేదని తేలింది. మీ మ్యాపులో కూడా చుక్కల మధ్య ఖాళీగా మిగిలిన ఇంటి తలుపు తప్పకుండా తట్టండి.

పెళ్ళి భోజనం కేసు: ఇక్కడ తొందరపడకండి

చంద్రగిరిలో ఒక పెళ్ళి అనుకుందాం. 200 మంది తిన్నారు, 53 మందికి వాంతులు. పడకేసినవాళ్ళ దగ్గరికి మాత్రమే వెళ్ళి ఏం తిన్నారని అడిగితే 48 మంది రసం పోసుకున్నామన్నారు, 44 మంది పెరుగువడ తిన్నామన్నారు. "రసమే" అని వంటమనిషి మీద పడిపోతారు. ఆగండి, బాగున్నవాళ్ళను కూడా అడగాలి.

అడిగాక ఇలా తేలింది. రసం పోసుకున్నవాళ్ళు 180, వాళ్ళలో 48 మందికి వాంతులు, అంటే నూటికి 27 మంది దాకా. పోసుకోనివాళ్ళు 20, వాళ్ళలో 5, నూటికి 25. తేడా లేదు. పెరుగువడ తిన్నవాళ్ళు 110, వాళ్ళలో 44, నూటికి 40. తిననివాళ్ళు 90, వాళ్ళలో 9, నూటికి 10. తిన్నవాళ్ళకు నాలుగింతలు. ఈ నూటికి ఇంతమంది అనేదాన్ని అటాక్ రేటంటారు, ఆ నాలుగింతలను రిలేటివ్ రిస్క్ అంటారు. రసం పెళ్ళికొచ్చిన వాళ్ళంతా పోసుకుంటారు కాబట్టి జబ్బుపడినవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ కనపడ్డారు, అంతే. వడ తినకుండానే వాంతులైన తొమ్మిది మంది సంగతేమిటని మంచి పిల్లలు అడుగుతారు. ఒకే గరిటె అన్నిట్లో పెట్టి ఉండొచ్చు, తిని మర్చిపోయి ఉండొచ్చు, అసలు వేరే కారణమే కావచ్చు. వడలు మిగిలుంటే ల్యాబుకు పంపండి, అనుమానానికి రుజువు అప్పుడొస్తుంది.

రెండు ఊళ్ళను పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు, వయసులు చూడండి. కుప్పం వైపు పల్లెల్లో వయసు పిల్లలు బెంగళూరులో పనికి పోయి ముసలివాళ్ళు మిగిలుంటారు, తిరుపతిలో కాలేజీల చుట్టూ హాస్టళ్ళ నిండా ఇరవై ఏళ్ళవాళ్ళు. మరణాల రేటు పల్లెలోనే ఎక్కువొస్తుంది, అంతమాత్రాన పల్లె గాలి చెడ్డదని కాదు. 60 దాటినవాళ్ళతో 60 దాటినవాళ్ళనే పోల్చండి.

ఇప్పుడు చింతగింజలు తీయండి

స్క్రీనింగ్ అంటే జల్లెడ పట్టడం. ఏ ఇబ్బందీ లేనివాళ్ళను అందరినీ పరీక్షించి అనుమానం ఉన్నవాళ్ళను వేరుచేయడం. జల్లెడ పట్టగానే బియ్యం పొయ్యి మీద పెట్టం కదా, కూర్చుని రాళ్ళు ఏరతాం. ఆ ఏరడం వదిలేసినందువల్ల మా ఇంట్లోనే ఏమైందో చెప్తాను.

మామిడిపళ్ళ కాలం. మా పెద్దమ్మ చిత్తూరు దగ్గర పల్లెలో ఉంటుంది. పిల్లలకు పళ్ళు కోసి పెడుతుంటే బడి వరండాలో షుగర్ క్యాంపు అని ఎవరో పిలిచారు, చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళింది. వేలు పొడిచారు, మిషన్లో 268. "నీకు షుగరుందమ్మా" అని చీటీ రాసిచ్చారు, మళ్ళీ పరీక్ష మాట ఎవరూ చెప్పలేదు. ఆరోజు నుంచి అన్నం మానేసింది, సంగటి కూడా సగం ముద్దే. పక్కింటావిడ వేసుకునే మాత్ర అడిగి తెచ్చుకుని వేసుకుంది, నాలుగో రోజు మధ్యాహ్నం చెమటలు పోసి గడప దగ్గరే కూలబడింది. నేను వెళ్ళి అడిగాను, "చేతులు కడుక్కున్నావా పెద్దమ్మా?" "లేదు బిడ్డా, తుడుచుకున్నా కదా." నా వేలికే మామిడిపండు రసం రాసుకుని, ఆరనిచ్చి, ఆమె ముందే పొడుచుకుని చూపించాను, మిషన్ 231 అంది. సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఇంకో వేలు పొడిస్తే 104. ఆమె నా రెండు వేళ్ళూ పట్టుకుని మార్చి మార్చి చూసింది. ఆ మాత్ర ఆపించి, తర్వాత వారం ల్యాబులో చేయిస్తే పరగడుపున 92. పండు ముట్టుకున్న చేతికి స్పిరిట్ దూది సరిపోదు, నీళ్ళూ సబ్బూ కావాలి, ఇది ప్రతి క్యాంపు టేబుల్ దగ్గరా రాసి అంటించండి.

చేతులు కడుక్కున్నా కూడా ఏ పరీక్షా నూటికి నూరు కాదు. అందుకే గింజలు. వెయ్యి గింజలు లెక్కపెట్టండి, వందకు సున్నం రాయండి. తెల్లవి నిజంగా జబ్బున్నవాళ్ళు. నేల మీద ముగ్గుపిండితో నాలుగు గళ్ళు వేయండి. ఎడమ నిలువు వరస జబ్బున్నవాళ్ళది, కుడి వరస లేనివాళ్ళది. పై అడ్డ వరస పాజిటివ్, కింది వరస నెగటివ్. మన పరీక్ష జబ్బున్న నూరుగురిలో 80 మందిని పట్టుకుంటుందనుకోండి, దీన్ని సెన్సిటివిటీ అంటారు. జబ్బులేని నూరుగురిలో 90 మందిని సరిగ్గా వదిలేస్తుందనుకోండి, అది స్పెసిఫిసిటీ. పేర్చండి: ఎడమ పై గడిలో 80 తెల్ల గింజలు, కింది గడిలో 20. కుడి పైన 90 నల్లవి, కింద 810.

ఇప్పుడు పై వరసను అడ్డంగా చూడండి. పాజిటివ్ వచ్చినవాళ్ళు 170, తెల్లవి 80. అంటే "మీకు షుగరుంది" అని చీటీ పట్టుకుని ఇంటికెళ్ళేవాళ్ళలో సగానికి పైగా జబ్బు లేనివాళ్ళే! కింది వరసలో 830లో 810 నిజంగానే లేనివాళ్ళు, కానీ ఆ 20 మంది "నాకేం లేదు" అని ధైర్యంగా వెళ్ళిపోయారు. నిలువుగా చదివితే పరీక్ష గుణం తెలుస్తుంది, అడ్డంగా చదివితే మీ చేతిలోని చీటీకి అర్థం తెలుస్తుంది. పరీక్షల్లో మా పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఈ రెంటినీ కలిపేసే.

గింజలన్నీ మళ్ళీ కలిపేసి ఈసారి తెల్లవి పది మాత్రమే ఉంచండి, అంటే అరుదైన జబ్బు. అదే పరీక్ష. పైన 8 తెల్లవి, 99 నల్లవి. 107 మందిని భయపెట్టి 8 మందిని పట్టుకున్నాం. పరీక్ష మారలేదు, ఊరు మారింది. అందుకే ఆసుపత్రిలో లక్షణాలున్నవాళ్ళకు బాగా పనికొచ్చే పరీక్ష, బజారులో కనపడిన ప్రతివాళ్ళకూ చేస్తే పనికిరాకపోవచ్చు. "ఫుల్ బాడీ చెకప్, 80 పరీక్షలు" ప్యాకేజీ కొనేముందు ఈ గింజలు గుర్తు తెచ్చుకోండి.

జల్లెడ కన్ను ఎంత ఉండాలన్నది మన చేతిలో ఉంటుంది. వేలి రక్తంలో ఎప్పుడు తీసినా 140 దాటితే పై పరీక్షకు పంపమంటారు. అది పంపడానికి గీత, షుగరుందని తేల్చడానికి కాదు. తేల్చడానికి పరగడుపున 126 లేదా ఎక్కువ, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేదా ఎక్కువ, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అయితే 6.5 శాతం లేదా ఎక్కువ. లక్షణాలేమీ లేకపోతే ఒక్కసారి వచ్చినదాంతో ముద్ర వేయకూడదు, మళ్ళీ చేసి చూసుకోవాలి. గీత కిందికి జరిపితే తప్పిపోయేవాళ్ళు తగ్గుతారు, ఉత్తినే భయపడేవాళ్ళు పెరుగుతారు. పైకి జరిపితే దానికి తిరగబడుతుంది. రెండూ ఒకేసారి రావాలంటే వేరే మంచి పరీక్ష కావాలి.

"ముందే పట్టుకుంటే ఎక్కువ కాలం బతుకుతారు" అన్న మాటను కూడా పరీక్షించండి. చెన్నై వెళ్ళే రైలు కడపలో ఒకాయన ఎక్కాడు, రేణిగుంటలో ఇంకొకాయన ఎక్కాడు. కడపాయన ఎక్కువ గంటలు రైల్లో ఉన్నాడు, చెన్నైలో మాత్రం ఇద్దరూ ఒకేసారి దిగారు. స్క్రీనింగులో ముందుగా కనిపెట్టిన జబ్బు కూడా ఇలాగే కావచ్చు, తెలిసిన రోజు ముందుకు జరిగింది, పోయే రోజు కదల్లేదు. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండుతో థైరాయిడ్ క్యాన్సర్ వెతకడం మొదలుపెట్టాక 2011 నాటికి ఆ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, చనిపోయేవాళ్ళ సంఖ్య మారలేదు. ఎన్ని గొంతులు ఊరికే కోశారో ఆలోచించండి. దానికి ఎదురుగా ముంబైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పలచటి వెనిగర్ పూసి కంటితో చూసే పరీక్ష పెడితే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి, చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలే. కాబట్టి మన పీహెచ్‌సీలో 30 దాటిన ఆడవాళ్ళను ఈ పరీక్షకు పిలిస్తే సిగ్గుపడి ఆగిపోవద్దని మీ అక్కకూ అత్తకూ చెప్పండి.

క్యాంపు పెట్టేవాళ్ళు టెంటు మాట్లాడక ముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. దొరికిన జబ్బుకు వైద్యం ఉందా, ఆ వైద్యం ఈ ఊరివాళ్ళకు అందుబాటులో ఉందా, పాజిటివ్ వచ్చినవాళ్ళకు రెండో పరీక్ష ఎక్కడ, ఎవరు, ఎంతకు చేస్తారు. విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చిన పది సూత్రాల్లో ముఖ్యమైనవి ఇవే. వీటికి జవాబు లేకపోతే క్యాంపు వాయిదా వేయండి.

రిజిస్టరులో పేరు, వయసు, ఏం తిని ఎంతసేపైంది, చేతులు కడిగారా, రీడింగు, వీటి పక్కన ఇంకో రెండు గడులు తప్పక గీయండి: రెండో పరీక్ష తేదీ, దాని ఫలితం. చీటీ మీద "షుగరుంది" అని రాయకండి, "మళ్ళీ పరగడుపున పరీక్ష చేయించుకోవాలి, అప్పటిదాకా ఏ మాత్రా వేసుకోవద్దు, తిండి మానొద్దు, ఇప్పటికే డాక్టరు రాసిన మందులుంటే ఆపొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి, చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి. రెండు వారాల తర్వాత రిజిస్టరు తెరిచి, ఆఖరి గడి ఖాళీగా ఉన్నవాళ్ళ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళండి.